మొఘల్‌పురా వైపు నుంచి జవాబు

నిజాయితీపరుడని నన్నెవరైనా మెచ్చుకుంటే ఒళ్ళు మండుతుంది. మెచ్చుకునేవాళ్ళ మీద కాదు, నా మీదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఫలక్‌నుమాలో ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో జూనియర్ ఇంజినీరుని. మాకూ మొఘల్‌పురా ఎక్స్ఛేంజికీ మధ్య కొత్తగా ఫైబర్ వేశారు. రెండు చివర్లా బీరువాలంత పెట్టెలు దిగాయి. అక్కడి పెట్టె చూసుకునే ఆయన టెంపరరీ టెక్నీషియన్. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. జాయింటు వేయడం నుంచి మీటరు చదవడం దాకా నాకు పని నేర్పింది ఆయనే. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. పర్మినెంటు చేస్తారని పుష్కరకాలంగా ఎదురుచూస్తున్నాడు. ఇన్‌స్పెక్షన్ నాటికి ఈ లింకు నిలబడితే ఫైలు మీద సంతకం పెడతానని మా పెద్దసారు ఆయనకు మాట ఇచ్చాడు. లేకపోతే ఇక పనిలోకి రానక్కర్లేదని కూడా చెప్పాడు.

పెట్టెల సంగతి కొంచెం చెప్పాలి. ఫైబర్‌లో వెలుతురు పారినంత మాత్రాన పని కాదు. ఇరుగుపొరుగు పెట్టెలు రెండూ ముందు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక దారి ఏర్పరచుకోవాలి. దాన్ని కంట్రోల్ ఛానెల్ అంటారు. జనం ఫోన్లు అందులో నడవవు. ఏది దేనికి కలిసింది, ఎక్కడ తెగింది అన్న కబుర్లే నడుస్తాయి. మా దగ్గర అవి ఫైబర్‌లో కాక, పాత రాగి లైను మీద నడిచేవి. అది లేవాలంటే ఒక పెట్టె రెండోదానికి, "నేను ఫలానా నంబరు పెట్టెని. ఇంతసేపటికోసారి హలో అంటాను. ఇంతసేపు నీ హలో వినపడకపోతే నువ్వు పోయావనుకుంటాను" అని పంపాలి. రెండోది సరే అనాలి. నచ్చకపోతే కాదని, తనకు కావలసిన అంకె చెప్పాలి. రెండూ ఒకేసారి మొదలుపెడితే పెద్ద నంబరుదే పైచేయి. చిన్నది తన మాట ఆపుకుని జవాబు మాత్రం ఇవ్వాలి. నంబర్లు వేసింది మా పెద్దసారే. ఫలక్‌నుమాకు పెద్దది, మొఘల్‌పురాకు చిన్నది వేశాడు. మనుషుల్లో మాత్రం అంతకంటే ఏం గొప్పగా ఉంది!

ఇన్‌స్పెక్షన్‌కు ముందురోజు మేం ముగ్గురం ఫోన్లో మాట్లాడుకున్నాం. పెద్దసారూ నేనూ ఇటు, ఆయన అటు. ఎంతసేపు హలో వినపడకపోతే పోయినట్టు లెక్క అన్న చోట, కంపెనీవాళ్ళిచ్చిన కాగితంలో ఉన్నట్టు అర సెకను పెడదామన్నాను.

"అర సెకను సాలదు సార్," అన్నాడాయన పెద్దసారుతో. "ఈ హలోలు పాత రాగి లైన్ మీదికెల్లి వస్తున్నయి. ఒక్కోపారి ఆలస్యమైతది. రెండు సెకన్లు పెడ్తెనే నిలబడ్తది. తమ్మికి తెల్వదు, కాగితం చూసి చెప్తున్నడు."

పెద్దసారు పకపకా నవ్వాడు. డిగ్రీ ఉన్నవాణ్ణి, పదో తరగతి తప్పిన మనిషి ముందు నవ్వులపాలయ్యానని నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి అన్నం కూడా సహించలేదు.

మర్నాడు పొద్దున్నే నా పెట్టెలో అర సెకనే పెట్టాను. ప్రతి అంకె పక్కనా, దీని మీద బేరం కుదురుతుందా కుదరదా అని చెప్పే వీలుంటుంది. కుదరదని పెట్టాను. అవతల అన్న కూడా మొండివాడే, రెండు సెకన్లకు తగ్గితే ఒప్పుకోవద్దని తన పెట్టెకు చెప్పి ఉంచాడు. నా స్క్రీన్ మీద జవాబు పడింది. కాదు, రెండు సెకన్లు ఇవ్వు. మళ్ళీ పంపాను. మళ్ళీ అదే జవాబు. ఒక్క అంకె మార్చి ఉంటే నిమిషంలో తేలిపోయేది.

పెద్దసారు తలుపు దగ్గర నిలబడి అడిగాడు. "ఏంటయ్యా, ఇంకా లేవలేదు? అవతలివాళ్ళు ఏమంటున్నారు?"

"మొఘల్‌పురా వైపు నుంచి జవాబు లేదండి," అన్నాను.

పెద్దసారు వెంటనే ఫోన్ అందుకుని స్పీకరు పెట్టాడు. "ఏమయ్యా, నీ పెట్టె పలకడం లేదట!"

"పలుకుతున్నది సార్. రెండు సెకన్లు అడుగుతున్నది. తమ్మిని అడుగుండ్రి, ఆయన స్క్రీన్ మీద పడ్తుంటది గద."

పెద్దసారు నావైపు చూశాడు. స్క్రీన్ నావైపు తిరిగి ఉంది. ఆయన ఉన్నచోటికి కనిపించదు.

"ఏమీ పడటం లేదండి," అన్నాను.

"తాళాలు ఇచ్చేసి వెళ్ళు. రేపటి నుంచి రానక్కర్లేదు," అని పెద్దసారు ఫోన్ పెట్టేశాడు. ఆయన బయటికి వెళ్ళగానే నేను రెండు సెకన్లు కొట్టాను. ఛానెల్ లేచింది. మధ్యాహ్నం ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళ ముందు పెద్దసారు నా భుజం తట్టాడు. నేను వద్దనలేదు.

మూడింటికి అన్న మొఘల్‌పురా నుంచి బస్సులో వచ్చి తాళాలు నా బల్ల మీద పెట్టాడు. స్క్రీన్ మీద రెండు సెకన్లు కనిపిస్తూనే ఉంది. కావాలనే నిదానంగా చదివాడు. బూతులు తిట్టి ఉంటే, చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది. ఇప్పటికీ అదే అనుకుంటాను.

"వానలు పడ్డంక ఆ లైన్ గుంతలల్ల నీళ్ళు నిల్తయి," అన్నాడు. "అప్పుడు రెండు గూడ సాలయి. మూడు పెట్టు. లేకుంటే మల్ల లొల్లి అయితది."

"అన్నా," అన్నాను. ఆయన ఆగలేదు.

వానలు మొదలైన రోజే మూడు పెట్టాను. ఆ ఏడు మా చుట్టుపక్కల ఎన్నో లింకులు పడ్డాయి, మాది పడలేదు. ఎలా నిలబెట్టావని మిగతా ఎక్స్ఛేంజీల వాళ్ళు ఫోన్ చేసి అడిగేవారు. నేనే లెక్కకట్టానని అందరికీ చెప్పాను.