తెల్లవారితే శుక్రవారం

మామయ్య పోయాడని తెల్లవారుజామున అత్తయ్య ఫోన్ చేసింది. "నిన్న సాయంత్రమే మాట్లాడా కదత్తయ్యా" అన్నాను, మాట్లాడిన మనిషి ఎలా పోతాడన్నట్టు. వినుకొండ పెళ్ళిలో మా మేళం ఎక్కడ కూర్చోవాలో పెళ్ళివారితో తేల్చుకుని, ఆ సంగతి నాకు చెప్పి, నవ్వుతూ ఫోన్ పెట్టేశాడు. రాత్రి గుండె ఆగిపోయిందట. ఇది రాస్తున్నా నా బుర్రకు ఇంకా ఎక్కడం లేదు.

నేను సన్నాయి వాయిస్తాను. మా సాయిబుల ఇళ్ళల్లో తరతరాలుగా ఇదే పని. చిలకలూరిపేటలో మా మేళానికి వచ్చే పిలుపులు, బేరాలు, ప్రయాణాలు అన్నీ మామయ్యే చూసేవాడు. ఒకప్పుడు డోలు వాయించేవాడు. మణికట్టు పట్టు తప్పాక ఫోన్ పట్టుకున్నాడు. ఆయన వసారా గోడకు ఒక నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో రాసిన పెళ్ళిళ్ళు. మీలో ఆయనతో మాట్లాడినవాళ్ళకు తెలుసు, ముందు డబ్బు మాట ఎత్తడు. "మావాళ్ళని ఎక్కడ కూర్చోబెడతారండీ? చెప్పులు విడిచే చోట మాత్రం వద్దండీ" అనేవాడు. ఒకే రాత్రికి రెండు పిలుపులొస్తే ముందు అడిగిన ఇంటికే మాట ఇచ్చేవాడు. పెద్దింటి పెళ్ళి వదిలేశాడని నేను ఎన్నిసార్లు పోట్లాడానో!

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చినప్పుడు నేనూ ఒకటి కొని, "ఇక పెళ్ళిళ్ళు నేనే చూసుకుంటాలే మామయ్యా" అన్నాను. ఆయన సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. నేను ఒప్పుకున్న రెండో పెళ్ళి ఒక మిర్చి వ్యాపారి ఇంట్లో. శుక్రవారం రెండున్నరకు ముహూర్తం అన్నారు. శుక్రవారం రాత్రి అనుకున్నాను. అది గురువారం రాత్రి గడుస్తుండగా వచ్చే రెండున్నర. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మేళంలో ఉన్నవాణ్ణి, నాకే తట్టలేదు.

ఆ గురువారం నేను ఒంగోలు అవతల, సిగ్నల్ లేని ఊళ్ళో ఉన్నాను. శుక్రవారం పొద్దున బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మామయ్య మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెళ్ళయిపోయిందిరా" అన్నాడు.

ఇక మమ్మల్ని ఎవరు పిలుస్తారనుకున్నాను. నేను అందక పెళ్ళివారు ఆయన ఇంటికి ఫోన్ చేశారట. మాకు పడని మేళాన్ని బతిమాలి, జీపెక్కించి, తానే తీసుకెళ్ళాడు.

"నాకు జ్వరమని చెప్పావా మామయ్యా?"

"లేదురా. మావాడు తారీఖు తప్పాడని చెప్పా. అబద్ధం చెప్తే ఈ పూట గడిచిద్ది. నిజం చెప్తే మళ్ళీ పిలుస్తారు."

పిలిచారు. వాళ్ళ రెండో అమ్మాయి పెళ్ళికి నేనే వాయించాను. అప్పటికే సుద్దముక్క ఆయనకు తిరిగిచ్చేశాను. అప్పటి నుంచి ప్రతి పెళ్ళికీ "ఏ రాత్రిరా?" అని నా నోటితో చెప్పించుకునేవాడు. పిల్లల తండ్రినై ఉండీ బడిపిల్లాడిలా అప్పజెప్పేవాణ్ణి. ఈ రోజు మా మేళంలో అందరిళ్ళల్లో పొయ్యి వెలుగుతోందంటే ఆయన చలవే. ఆ మాట ఆయనతో ఒక్కసారీ అనలేదు.

ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి మామయ్య వసారాకు తిరిగొచ్చాక, మూడోరోజు ప్రార్థనలు ఎప్పుడవుతాయో లెక్క చూడటానికి ఒక పెద్దాయన అడిగాడు, "ఎప్పుడు పోయాడు నాయనా?" రెండున్నరప్పుడు అంది అత్తయ్య. ఏ రోజు కిందకి వస్తుందని అందరూ నావైపు చూశారు.

"గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

ఎదురుగా నల్లబల్ల మీద వినుకొండ పెళ్ళి అలాగే ఉంది. దాని పక్కన ఆయన రాత: మండపానికి కుడివైపు, ఫ్యాను కింద.