బాప్తిస్మం రేవులో మట్టి

జులైలో ఒక శనివారం, తెల్లవారి ఐదున్నరకు రాజమండ్రి కాంప్లెక్సులో అమలాపురం బస్సెక్కాను. అమలాపురం అవతల, ఒక పాయ ఒడ్డున మన సంఘం వారు కొత్త మందిరం కడుతున్నారు. నేను డ్రైనేజీ ఆఫీసులో ప్లాన్లు గీసేవాణ్ని కనుక వచ్చి చూడమని సంఘపెద్ద యోహాను గారు ఫోన్ చేశారు. "మెరక పనైపోయింది బ్రదర్, నీళ్ల అంచు దాకా మట్టి తోలించేశాం" అని ఆయన సంతోషంగా చెప్పిన దగ్గర నుంచి నాకు నిద్ర లేదు. ఏటా తొలి వరదతో వచ్చే ఎర్రటి కొత్తనీటికి చేపలు గుడ్లు పెట్టడానికి ఎక్కేది ఆ పాయలోకే.

కడియం దాటేసరికే చినుకులు మొదలయ్యాయి. వదులుమట్టి వానకు ఆగదు. రావులపాలెంలో బస్సు కాసేపు ఆగింది. అక్కడి ఇడ్లీ బాగుంటుంది; నేను మాత్రం సగం వదిలేసి మబ్బులు చూస్తూ నిలబడ్డాను.

అమలాపురంలో షేర్ ఆటో ఎక్కితే, పక్కన ఖాళీ చేపలతట్టతో సత్తెమ్మ అనే ఆవిడ. సరుకు అమ్మేసుకుని అదే ఊరికి తిరిగి వెళ్తోంది. నా ఒళ్లోని కాగితాలు చూసి, "పరీక్షకెళ్తన్నారేంటండీ?" అంది.

ఏటి పక్కన కట్టడాలు కట్టేవాళ్లు తెలుసుకోవాల్సిన మాటలని చెప్పాను. ఆఫీసు ట్రైనింగులో ఇంగ్లీషులో ఇచ్చారు, మా పెద్దల కోసం తెలుగులో రాసుకున్నాను. "బఫర్ అంటే నీళ్లకూ కట్టడానికీ మధ్య చెట్టూ గడ్డీ కదపకుండా వదిలే జాగా. సిల్ట్ ఫెన్స్ అంటే మట్టి నీళ్లలోకి జారకుండా కట్టే గుడ్డ దడి. ఫిష్ పాసేజ్ అంటే చేప ఎదురెక్కే దారి."

"ఆయ్, చేపకి దారొదలమని కాయితం కూడా ఉందాండీ! మరి మీవోళ్లకి సూపించండి. మేం అడిగితే దేవుడి పనంటన్నారు."

సాయంత్రం నాలుగింటికి పెద్దలు కూర్చున్నారు. అప్పటికే అంతా చూసి వచ్చాను. మెరక అంచు సరిగ్గా మన బాప్తిస్మం రేవు నెత్తిన ఉంది. దడి లేదు, గడ్డిపరక లేదు. దిగువన లారీల దారి కోసం వేసిన తూముకు రెండు సన్న పైపులు, అవీ నీటికి జానెడు ఎత్తున; చేప వాటిలోకి ఎక్కలేదు. తూము మార్చి, మెరక వెనక్కి తీయాలన్నాను.

"చేపల కోసం మందిరం కుదించమంటారా బ్రదర్?" అన్నారు యోహాను గారు.

"మనిషి కంటే ముందే నీళ్లలో ప్రాణుల్ని చేసి, ఫలించమని దీవించాడండి దేవుడు. ఆ దీవెన మీద మట్టి పోసే హక్కు మనకెక్కడిది?"

"రేపు బాప్తిస్మాలు కానివ్వండి, చూద్దాం" అన్నారు పాస్టరు గారు. రాత్రంతా రేకుల మీద వాన, కింద నా ప్రార్థన.

ఆదివారం ఏడింటికి పాటలు పాడుకుంటూ రేవుకు వెళ్లాం. మెరక అంచు జారి రేవు నిండా బురద. నడుము లోతుండే చోట పాస్టరు గారికి నీళ్లు చీలమండ దాకే వచ్చాయి. మొదట దిగింది మార్తమ్మ గారు, పెద్దావిడ. వెల్లకిలా వంచితే వీపు బురదకు ఆనింది గానీ ముఖం పైనే ఉండిపోయింది. నిండా మునగనిది మనలో బాప్తిస్మం కాదు. మళ్లీ వంచారు. అంతే.

"ఏంటయ్యగారూ, సగం ముంచి సగం పాపం నాకే అట్టిపెడతారేంటి?" అందావిడ, చెవిలో బురద తుడుచుకుంటూ.

జనం నవ్వారు. యోహాను గారు నవ్వలేదు. ఇంతలో ఎగువ ఒడ్డు నుంచి సత్తెమ్మ కేక: "మా రేవులో లోతుందండీ! ఆవిణ్ణి ఇటు తెచ్చి ముంచుకోండి!"

మన దేవుణ్ణి కొలవని ఆ జాలరి కుటుంబాలు వలలు పక్కకు లాగి దారిచ్చాయి. మార్తమ్మ గారు అక్కడ నిండా మునిగి లేచారు.

ఆరాధనలో యోహాను గారి చోటు ఖాళీగా ఉంది. బయటికొచ్చి చూస్తే, తెల్లపంచె ఎగగట్టి మెరక అంచును పారతో వెనక్కి లాగుతున్నారు. "మందిరం గోడ వెనక్కి జరుపుదాం బ్రదర్. ఎంత వదలాలో ముగ్గు పోసి చూపించండి" అన్నారు. పోశాను. అందరం కలిసి పాత పరదాలతో దడి కట్టాం. తూము మాత్రం మిగిలింది. పెద్ద పైపులు మంగళవారానికి గానీ రావట.

మూడింటి బస్సుకు తిరుగు ప్రయాణం. ప్రార్థనకు జవాబు దొరికినవాడు నెమ్మదిగా కూర్చోవాలి, నాకు కుదరలేదు. దారి పొడవునా కాలువల పక్కనే కొత్త లేఅవుట్ల రాళ్లు. రావులపాలెం వంతెన ఎక్కేసరికి కింద గోదావరి ఎర్రగా ఉంది. కొత్తనీరు వచ్చేసింది.

మంగళవారం దాకా ఆగమని చేపలకు ఎవరు చెబుతారు? కుదుపుల్లో కళ్లు మూసుకుని, ఆ పైపుల లారీ కోసం ప్రార్థన చేశాను.