వెనిలా అడిగిన పాపం

ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్ళో ఒక పబ్ ఉంది. ఆ వీధిలో వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ టోపీ ముక్కు మీదికి లాక్కుని అవతలి పక్కన నడుస్తాను. ఎందుకో చెబుతాను. మీరు మాత్రం ఏదైనా తింటూ చదవకండి, పొలమారితే నాది పూచీ కాదు.

అప్పటికి నేను నంద్యాల నుంచి కొత్తగా దిగాను. మాస్టర్స్ మొదలయ్యే ముందు ఇంగ్లీషు కోర్సులో చేరాను. మా టీచరుది రోజూ ఒకటే పోరు: "ఫ్లాట్‌లో పప్పన్నం తింటూ కూర్చుంటే భాష రాదు. బయట తినండి. పక్కవాళ్ళతో మాట్లాడండి."

తినడం వరకు నాకు ఇబ్బంది లేదు, మాట్లాడటం దగ్గరే చిక్కు. అక్కడివాళ్ళ ఇంగ్లీషు మా ఊరి స్టేషన్లో ఆగని ఎక్స్‌ప్రెస్‌లా చెవి పక్కనుంచే దూసుకుపోయేది. అందుకని అర్థం కాని ప్రతి ప్రశ్నకూ నవ్వు మొహంతో "యెస్" అనేసేవాణ్ణి.

ఒక శుక్రవారం క్లాసు అయ్యాక, నా రూమ్మేట్ సురేష్‌ను వెంటబెట్టుకుని ఆ పబ్‌కు భోజనానికి వెళ్ళాను. సురేష్‌ది కరీంనగర్. కౌంటర్ దగ్గరి అమ్మాయి గబగబా ఏదో అడిగింది. నాకు "ఆర్థర్" అన్న ముక్క ఒక్కటే వినపడింది. ఏదో వంటకం అయ్యుంటుందని "యెస్ ప్లీజ్" అన్నాను. ఆ అమ్మాయి నావైపు జాలిగా చూసి వెనక హాలు చూపించింది.

లోపల బల్ల నిండా శాండ్‌విచ్‌లు, మాంసం కూరిన పైలు, కేకులు. జనమంతా నల్ల సూట్లలో ఉన్నారు. ఒక పక్కన పూల మధ్య పెద్దాయన ఫోటో. ఆయన బీరు గ్లాసు పట్టుకుని నవ్వుతున్నాడు.

"గిదంతా ఫ్రీనా?" అన్నాడు సురేష్.

"పుట్టినరోజు పార్టీరా! పెద్దాయనకు ఎనబై నిండినట్టుండాయి. తినకపోతే బాధపడతారు."

"ఫోటో సుట్టు పూలు జూస్తే నాకేందో డౌటు గొడ్తుందిరా."

"నువ్వు గమ్మున తిను సామీ."

ప్లేటు గోపురంలా నింపుకున్నాక నాకు టీచరు మాట గుర్తొచ్చింది. ఫోటో పక్కన కూర్చున్న పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకుని ఊపేస్తూ "మెనీ హ్యాపీ రిటర్న్స్ ఆఫ్ ది డే!" అన్నాను.

హాల్లో అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు. నా ఉచ్చారణకు ముగ్ధులయ్యారనుకున్నాను.

"థాంక్యూ, డియర్" అందావిడ తికమకగా.

"అంకుల్ ఎక్కడ? కనపడరే?"

"ఇప్పుడే క్రెమటోరియంలో వదిలి వచ్చాం."

కొత్త మాట. అందులో నాకు 'క్రీమ్' వినపడింది. ఇంకేం, నాలో ఇంగ్లీషు పొంగింది.

"వెరీ నైస్! ఐస్‌క్రీమ్ తేవడానికి వెళ్ళారా? నాకు వెనిలా చాలు. ఎప్పుడొస్తారు?"

సురేష్ నా చొక్కా పట్టి వెనక్కి గుంజాడు. "అరేయ్ పాగల్! క్రెమటోరియం అంటే శ్మశానంరా! గిది సావు దావత్!"

నోట్లోని గుడ్డు శాండ్‌విచ్ పైకీ రాదు, కిందికీ పోదు. భూమి చీలితే బాగుండుననిపించింది. అది కూడా ఇంగ్లండు భూమి కదా, మర్యాదగా కదలకుండా ఉండిపోయింది. "సారీ ఆంటీ, సారీ, వెరీ సారీ" అంటూ ప్లేటుతో సహా చేతులు జోడించబోయాను. గోపురం కూలి కేకులు కార్పెట్ మీద దొర్లాయి.

పెద్దావిడ మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడిపించేశానురా దేవుడా అనుకున్నాను. ఆమె తలెత్తింది. చూస్తే, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది! ఆమె పక్కనే అంతసేపూ బిగుసుకుని నిలబడ్డ కొడుకు కూడా గోడకు ఆనుకుని నవ్వు మొదలుపెట్టాడు.

"ఉదయం నుంచి అందరూ నాతో గుసగుసగానే మాట్లాడుతున్నారు. నవ్వించినవాళ్ళెవరూ లేరు" అని నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. ఇంకో ప్లేటు తెప్పించి, తనే వడ్డించింది.

"మొహమాటపడకు, కడుపు నిండా తిను. యాభై ఏళ్ళ కాపురంలో మా ఆర్థర్ ఎవరికీ టీ కూడా ఇప్పించలేదు. ఆయన ఖర్చుతో భోంచేసిన మొదటి పరాయివాడివి నువ్వే!"

ఆనాడే రెండో కేకు ముక్క సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకపై ఏ దేశంలోనైనా సరే, ఎంత ఆకలిగా ఉన్నా సరే, విందు ఇచ్చే పెద్దమనిషి ప్రాణాలతోనే ఉన్నాడని రూఢి చేసుకోనిదే ప్లేటు ముట్టుకోను.