స్వాతికి లేని పిల్లచుక్క

మా అన్న రాసిన చిన్న పుస్తకం ఒకటుంది. కొత్తగా చుక్కలు చూడాలనుకునేవాళ్ళు ఏ పుస్తకం కొనాలి, ఏ సామాను కొనాలి, ఎలా మొదలుపెట్టాలి, అదీ సంగతి. ఇప్పటికీ ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంత వయసొచ్చింది, ఇంకా ఎందుకా కోపం అంటారు మావాళ్ళు. పోగొట్టుకున్నది నేను, వాళ్ళు కాదు.

మాది మొఘల్‌పురాలో పాల వ్యాపారం. వాకిట్లో బర్రెల కొట్టం, పక్కన మిద్దె ఇల్లు. పొద్దు పొడవకముందే పాలు పితికే ఇల్లు కాబట్టి ఆకాశమే మాకు గడియారం. గొల్లకావడి చుక్కలు ఎక్కడిదాకా వచ్చాయి, పిల్లలకోడి చుక్కలు ఎక్కడ వాలాయి చూసుకుని అమ్మ నన్ను లేపేది. అప్పటికే నాకు పెళ్ళయింది, కాపురానికి మాత్రం ఇంకా పంపలేదు. బడికి పోలేదు. బాపు తెచ్చే పంచాంగం మీద కూడబలుక్కుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అన్న ఉర్దూలో చదువుకుని కాలేజీదాకా వెళ్ళాడు. అక్కడ ఎవరో పంతులు చుక్కల గురించి పాఠం చెప్పాడట, ఇక ఇంట్లో పొద్దస్తమానం అదే లొల్లి.

కొనడం దగ్గరే మాకు మొదటి తగాదా.

"ముందుగాల మంచి పుస్తకం కొను అన్నా. ఏ చుక్క ఏందో ఎరుకైనంక దుర్బీను కొనొచ్చు" అన్నాను.

"నీకేం ఎరుక? చుప్ ఉండు. దుర్బీను లేంది చుక్కలు చూసుడేంది?" అన్నాడు.

జుమేరాత్ బజారుకు పోయి పాత సామాన్ల కుప్పలోంచి ఇత్తడి దుర్బీను తెచ్చాడు. ఏ దొర షికారుకు వాడి పారేసిందో! దానితోపాటే అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం. అందులో గీసింది ఇంగ్లీషువాళ్ళ సీమ ఆకాశం. ధ్రువనక్షత్రం సగం ఆకాశానికి పైనే ఉంటుందట. మా మిద్దె మీద చెయ్యి చాచి జానపెట్టి చూస్తే సరిగ్గా జానెడు ఎత్తు, కొట్టం కప్పు మీద ఆనుకున్నట్టుండేది. ఆ మాట చెబితే అచ్చుపుస్తకం తప్పా, నువ్వు తప్పా అని నవ్వాడు.

అసలు చిక్కు మిద్దె దగ్గర వచ్చింది. మా గల్లీలో మగవాడెవడు మిద్దె ఎక్కినా "పర్దా! పర్దా!" అని కేకేయాలి. చుట్టుపక్కల వాకిళ్ళలో ఉన్న ఆడవాళ్ళు లోపలికి పోయేదాకా ఆగాలి, పని చూసుకుని గబగబా దిగాలి. వానకు మిద్దె కారితే మరమ్మతు చేసేవాడి సంగతి వేరు. మా అన్న రోజూ సాయంత్రం గొట్టం పట్టుకుని కూర్చుంటానంటే, అందరి ఇళ్ళ ఆడవాళ్ళూ ఉక్కలో తలుపులేసుకుని కూర్చుంటారా? రెండోరోజే పక్కింటి పెద్దమనుషులు మా గుమ్మంలోకి వచ్చారు. వాళ్ళంతా మా పాలు పోయించుకునేవాళ్ళు. బాపు చేతులు జోడించి నిలబడ్డాడు, అన్న కొట్టంలో దాక్కున్నాడు.

చివరికి పక్కింటి ముసలి బీబీ తెర వెనకనుంచే తీర్పు చెప్పింది. "లడ్కీ కో చడ్నే దేవ్. లడ్కా నక్కో." పిల్ల ఎక్కితే ఎక్కనీయండి, పిల్లగాడు వద్దు అని. ఆమె మాటకు గల్లీలో తిరుగులేదు. అలా దుర్బీను నా చేతికొచ్చింది.

దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచి ఎండాకాలందాకా, పాలు కొలిచి పోసేశాక రోజూ నేను మిద్దె ఎక్కేదాన్ని. అన్న కింద వాకిట్లో లాంతరు పెట్టుకుని నోటుబుక్కుతో కూర్చునేవాడు. నేను చూసింది చూసినట్టు అరిచి చెప్పాలి, అతను రాసుకోవాలి. గొట్టం వణికిపోతుంటే సగం నింపిన తవుడు సంచి పిట్టగోడ మీద పెట్టి, దానిలో గుంట చేసి గొట్టాన్ని పడుకోబెట్టాను. ఇక కదలలేదు. లాంతరు దగ్గర్నుంచి వచ్చిన కళ్ళకు ఏమీ ఆనదని, కాసేపు మూసుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. నిండు చందమామ కంటే సగం చందమామలో గుంటలు బాగా కనిపిస్తాయని కనిపెట్టాను. గురుడి పక్కన వరసగా నాలుగు చుక్కలు కనబడిన రోజు సంతోషం పట్టలేక ఏడ్చేశాను. కింద అన్న "ఏడుస్తవేందే, ఎన్నున్నయో చెప్పు" అని కసిరాడు.

ఎండలు ముదిరేవేళ తూర్పున స్వాతి పొడిచింది. దాని పక్కన బుజ్జి చుక్క ఒకటి అంటిపెట్టుకుని కనబడింది. "అన్నా, స్వాతికి పిల్లున్నది!" అని అరిచాను. అన్న సంబరంగా రాసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత చిత్త నక్షత్రం చూస్తే దానికీ అదే పిల్ల, అదే పక్కన. నాకు అనుమానమొచ్చింది. గొట్టాన్ని సంచిలోనే మెల్లగా తిప్పాను. గొట్టంతోపాటు పిల్ల కూడా తిరిగింది. మర్నాడు వెలుతుర్లో చూస్తే అద్దం అంచున గోటి మొనంత పెచ్చు ఊడి ఉంది.

"అన్నా, స్వాతికి పిల్ల లేదు గిల్ల లేదు. అద్దం పలిగింది. అది కొట్టెయ్" అన్నాను.

"అంత సాఫుగ రాసిన. కొట్టేస్తే పేజీ ఖరాబైతది. తర్వాత చూద్దాం తీ" అన్నాడు.

ఆ వానాకాలమే నన్ను అత్తవారింటికి పంపారు. ఉస్మాన్‌గంజ్‌లో గిడ్డంగుల మధ్య ఇల్లు. పోయేముందు అన్నను ఒక్కటే అడిగాను. "నాకు చీరలొద్దు, సొమ్ములొద్దు. ఆ నోటుబుక్కు ఇయ్యి." అతనికి ఆ బుక్కు కాగితాలు, నాకు అది ఆర్నెల్ల బతుకు. "మంచిగ తిరగరాసి పంపిస్త, ఫికర్ చెయ్యకు" అన్నాడు. వచ్చిన ప్రతి పండక్కీ అడిగాను. "ఏడ వెట్టిన్నో" అనేవాడు. అడిగి అడిగి నా నోరే పడిపోయింది.

యుద్ధం రోజుల్లో, కాగితం దొరకడమే గగనమైన కాలంలో, అతని పుస్తకం అచ్చయి వచ్చింది. మొదట దుర్బీను కొనకండి, మంచి పుస్తకం కొనండి అని మొదలుపెట్టాడు. సీమ పటాలు మన ఆకాశానికి సరిపోవట, ధ్రువుడు మనకు జానెడే ఎత్తట. తవుడు సంచి ఉంది, సగం చందమామ ఉంది, కళ్ళు మూసుకోవడం ఉంది. సొమ్మొకడిది, సోకొకడిది! ముందుమాటలో పంతులుకు కృతజ్ఞతలు, అచ్చు వేసినవాళ్ళకు కృతజ్ఞతలు. మా ఇంటి మిద్దెకు కూడా కృతజ్ఞతలు చెప్పాడు మహానుభావుడు. ఎక్కిన మనిషి ఊసే లేదు.

స్వాతి పిల్ల కూడా అందులో ఉంది. పైగా తన సొంత తాలింపు ఒకటి వేశాడు. "చూపు చురుకైనవారికి ఇది దుర్బీను లేకుండానే కనిపించును" అట. జన్మలో ఒక్కసారి చూసినవాడైతే ఆ ముక్క రాసేవాడా?

ఆ పుస్తకం నా బిడ్డ చేతిలో పడింది. దానికి పదేళ్ళు. మామ పుస్తకమని గుండెకు హత్తుకుని తిరిగేది. ఆ ఎండాకాలం వరసగా మూడు సాయంత్రాలు మా అత్తింటి మిద్దె మీద కూర్చుని స్వాతిని చూసింది. మూడోరోజు ఏడుస్తూ దిగింది.

"అమ్మా, పిల్లచుక్క నాకు కనవడ్తలేదు. నా కండ్లు ఖరాబైనయా?"

దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. నీ కళ్ళు బంగారమే, అక్కడ పిల్లచుక్క లేనే లేదు, అది పలిగిన అద్దం చేసిన మాయ అని.

అది ముక్కు తుడుచుకుని నా మొహంలోకి అనుమానంగా చూసింది.

"నీకెట్ల ఎరుక? నువ్వెప్పుడన్న దుర్బీన్ల చూసినవా?"

పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తెచ్చి, పుస్తకం లాక్కుని, ఆ పిల్లచుక్క వాక్యం మీద అడ్డంగా గీశాను. బిడ్డ గొల్లుమంది. నా చేతిలోంచి పుస్తకం గుంజుకుని, లంగా అంచు తడిపి ఆ మసి తుడవడం మొదలుపెట్టింది.

"మామ పుస్తకం ఖరాబు చేసినవ్ గదమ్మా" అంటూ అక్షరాలు మళ్ళీ కనబడేదాకా తుడిచింది.