ముందు సీటు వంతు

ముప్పై రెండేళ్ళు టాక్సీ నడిపాను. నా సీటు కింద ఎప్పుడూ ఒక వీల్ పానా ఉండేది. దాన్ని టైర్ల మీద కాక మనుషుల మీద మూడుసార్లు వాడాను. మొదటివాడు నా మెడ మీద చాకు పెట్టినవాడు. రెండోవాడు వెనకనుంచి జుట్టు పట్టుకుని నా తల సీటుకేసి కొట్టినవాడు. మూడోవాడు డెస్ హార్కిన్. మొదటి ఇద్దరి గురించి నాకే బాధా లేదు. డెస్ గురించి కూడా లేదనే అంటాను గానీ, అనేముందు కాస్త ఆగుతాను.

మాది క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఒక చెరుకు మిల్లు ఊరు. డెస్ ఆ మిల్లులో ఫిట్టరు. పొట్టివాడు, ఎద్దు మెడ, చేతుల నిండా వెల్డింగు మచ్చలు. మా అన్న కోల్ టీగ్ కూడా అక్కడే, అదే షిఫ్టులో. ఇద్దరికీ స్నేహం కలిసిందే కొట్లాటలో. ఫుట్‌బాల్ మైదానంలో డెస్ మా అన్న ముక్కు పగలగొట్టాడు, మా అన్న వాడి పక్కటెముక విరగ్గొట్టాడు, ఇద్దరినీ ఆస్పత్రిలో పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. సాయంత్రానికల్లా ఒకే గ్లాసులో నర్సుకి తెలియకుండా బీరు తాగుతున్నారు. ఆ తర్వాత వాళ్ళిద్దరిలో ఒకణ్ణి కొట్టాలంటే రెండోవాణ్ణి కూడా కొట్టాల్సి వచ్చేది.

ఇప్పుడు డెస్‌తో నాకున్న తగువు సంగతి. మా ఊళ్ళో ఎవరైనా టాక్సీ ఎక్కితే డ్రైవరు పక్కనే కూర్చుంటారు. ముందు సీటు ఖాళీగా ఉండగా వెనక కూర్చున్నారంటే, నువ్వు నా పనిమనిషివి అన్నట్టే. వెనక సీటు కిరాణా సంచులకి, తాగి కక్కేవాళ్ళకి. డెస్ మాత్రం ఒక్కనాడూ ముందు ఎక్కలేదు. తను కారు నడపడం ఎప్పుడో మానేశాడు. స్నేహితుల ట్రక్కు ఎక్కినా కుండపోత వానలో వెనక తొట్టిలో తడుస్తూ కూర్చునేవాడు. పెళ్ళాం గ్వెండా ఆరేళ్ళు ఓపిక పట్టి, మొగుడికి డ్రైవరుగా బతకడం తన వల్ల కాదని చెప్పి కెయిర్న్స్ వెళ్ళిపోయింది. ఊరంతా నవ్వుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

"ఎక్కడికి పోనివ్వమంటారు దొరగారూ?" అని ఎత్తిపొడిచేదాన్ని.

అద్దంలో నావైపు చూడకుండా "మిల్లుకి, నోలీ" అనేవాడు, అంతే.

వాడికింకో అలవాటు ఉండేది. శనివారం పబ్బుకి వెళ్ళి, అక్కడున్నవాళ్ళలో అందరికంటే బలమైనవాణ్ణి ఏరుకుని, వాడి తల్లిని ఏదో ఒకటి అనేవాడు. ఆ తర్వాత రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడేవాడు. అలా నాలుగు పళ్ళు పోయాయి, ఒక చెవి వినపడకుండా పోయింది. కోతకొచ్చిన ఇటలీవాడొకడు తల గోడకేసి బాదితే మూడు రోజులు స్పృహ లేదు. కోల్ పోయిన దిగులు అని జనం జాలిపడేవారు. నేనూ అదే అనుకునేదాన్ని, ఆ ఒక్క విషయంలో వాణ్ణి క్షమించేదాన్ని కూడా.

కోల్ పోయింది పంతొమ్మిది వందల ఎనభై ఆరులో. కోత లేక మిల్లు మూతపడే నెలల్లో ఇద్దరూ వీపున సంచులు తగిలించుకుని సముద్రం దాటి పాపువా న్యూగినీ వెళ్ళారు. మాకు సిడ్నీ కన్నా అదే దగ్గర. కోల్‌కి ఇరవై నాలుగు, డెస్‌కీ అంతే.

కోల్ నాకు రాసిన మూడు ఉత్తరాలున్నాయి. దిగిన రెండో రోజే ఇద్దరు మనుషులు కత్తి చూపించి తన కాళ్ళకున్న బూట్లు విప్పించుకుపోయారనీ, అది చూసి నవ్వినందుకు డెస్ తన చేతిలో దవడ మీద ఒకటి తిన్నాడనీ మొదటిదాంట్లో రాశాడు. రెండోదాంట్లో నది. పడవ బోల్తాపడి, తిరుగుతున్న మోటారు రెక్క కోల్ అరచేతిని ఎముక కనపడేదాకా చీల్చింది. చర్చి మిషన్‌లో ఒక సిస్టరు మత్తు కూడా ఇవ్వకుండా ఏడు కుట్లు వేసింది. గట్టు మీద కుక్క డెస్ పిక్క పీకింది. "పడవవాడు నీళ్ళలోంచి ఒక్కో సంచీ పైకెత్తి ఏదో అడుగుతున్నాడు. డెస్ టక్కున జవాబు చెప్పి తన సంచి అందుకున్నాడు. వీడికి వీళ్ళ భాష ఎలా పట్టుబడిందో గానీ, నాకు 'అవును' అనడం ఒక్కటే వచ్చింది, ఎవరేమడిగినా అదే అంటున్నా" అని రాశాడు.

మూడోది కొండల్లోంచి. అక్కడ జనాన్ని ఎక్కించుకునే బళ్ళంటే వెనక బల్లలు వేసిన లారీలట. డ్రైవరు పక్కన ఎవరూ కూర్చోకపోతే మర్యాద కాదని వీళ్ళే ముందు ఎక్కేవారు. ముందు సీటుకి వంతులు కూడా వేసుకున్నారు. సరి తేదీలు కోల్‌వి, బేసి తేదీలు డెస్‌వి. డెస్ ఒకసారి తన రోజు కొట్టేయబోతే చెవి మెలిపెట్టి కిందికి లాగాడట.

ఆ ఉత్తరం తర్వాత వచ్చింది శవపెట్టె. లారీ ఒక ముసలాయన్ని గుద్ది చంపిందనీ, డ్రైవరు పారిపోయాడనీ, ముందు సీట్లో ఉన్న తెల్లవాడే బండి సొంతదారుడనుకుని ముసలాయన మనుషులు గొడ్డళ్ళతో నరికేశారనీ దాంతో వచ్చిన కాగితంలో రాసుంది. మార్చి పదిహేడు. పెట్టె తెరవొద్దని చెప్పారు. అమ్మ మర చీల ఒక్కొక్కటే విప్పి తెరిచింది. నేను ఆమె భుజం మీదుగా చూశాను. ఏం చూశానో రాయను. అమ్మ ఆ తర్వాత మాంసం కొట్టే కత్తి ఇంట్లో ఉంచలేదు.

మరుసటి ఏడాది ఒక పాస్టరు ఆ ముసలాయన ఊరివాళ్ళ కబురు తెచ్చాడు. తెలియక తప్పు మనిషిని చంపామని ఒప్పుకుంటున్నారు, తల్లికి పరిహారంగా పన్నెండు పందులిచ్చి చెయ్యి పట్టుకుని ఏడుస్తామంటున్నారు అన్నాడు. పందుల్ని నేనేం చేసుకోను నాయనా అని అమ్మ నవ్వి, అలా నవ్వుతూనే ఏడ్చింది. చంపినవాళ్ళు ఒప్పుకున్నారు. అమ్మకి కావలసింది వేరే ఉంది, అది డెస్ దగ్గరే ఉంది. చివర్లో కోల్ పక్కన ఎవరైనా ఉన్నారా, వాడి కోసం ఎవరైనా నోరు విప్పారా, అదే. ఎన్నిసార్లు అడిగినా వాడు "నేను వెనక ఉన్నాను, టీగమ్మా" అనేవాడు. నేను అడిగినా అదే మాట.

అమ్మ రెండువేల పద్నాలుగు జూన్‌లో పోయింది. ఆ జవాబు వినకుండానే పోయింది. కోల్ పక్కనే పూడ్చాం. మట్టి వేశాక అందరూ వెళ్ళిపోయారు. డెస్ మాత్రం కోల్ సమాధి రాయి ముందు నిలబడిపోయాడు. మధ్యాహ్నం మూడింటికి నేనే వాణ్ణి ఇంటి దగ్గర దింపుతానన్నాను. వాడు వచ్చి వెనక తలుపు తీసి ఎక్కాడు. మా అమ్మని మట్టి చేసిన రోజు కూడా. ఊరు దాటి చెరుకు తోటల మధ్య దారిలోకి వచ్చేదాకా పళ్ళు బిగపట్టుకుని నడిపాను.

"ఆ రాయి మీద తేదీ నువ్వే చెక్కించావా, నోలీ?" అన్నాడు వెనకనుంచి.

"ఇంకెవరు చెక్కిస్తారు?"

"పదిహేడు. బేసి తేదీ."

ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత బండి పక్కకి తీసి ఆపాను. బేసి తేదీలు డెస్‌వి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఉత్తరం నా సొరుగులో ఉంది, ఆ రాయికి నెలనెలా పూలు పెడుతున్నాను. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు నేను.

వాడు చెప్పుకుంటూ పోయాడు. ఆ పొద్దున లారీ వెనక కుర్రాళ్ళు బీరు పెట్టె విప్పారు, చర్చికి వెళ్ళొస్తున్న ఆడవాళ్ళు పాడుతున్నారు. తను వెనకే కూర్చుంటానన్నాడు. నిన్న నేనే కూర్చున్నా కదరా అని కోల్ గొణిగితే, ఎవడో ఒకడు ఎక్కకపోతే డ్రైవరు చిన్నబుచ్చుకుంటాడు, పోరా అని ముందుకి తోశాడు. కోల్ వెళ్ళి కూర్చున్నాడు. మలుపులో కట్టెల మోపుతో ముసలాయన. దెబ్బ పడగానే డ్రైవరు దూకి పొదల్లో కలిసిపోయాడు, వెనకున్నవాళ్ళంతా దూకి పరిగెత్తారు. ఆ పాడుతున్నవాళ్ళలో అగ్నెస్ అనే ఆవిడ డెస్ చొక్కా పట్టుకుని చిలగడదుంపల చేలోకి ఈడ్చి, తన వల సంచి వాడి మీద వేసి, నోరు నొక్కింది. మాట్లాడితే నిన్నూ చంపుతారు అంది. కోల్ పారిపోలేదు. ముసలాయన దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని తన చొక్కా చింపి ఆయన తలకి కడుతున్నాడు.

"వాళ్ళు వచ్చేశారు. వచ్చి వాణ్ణి అడిగారు, బండికి తండ్రి ఎవరని. అక్కడ సొంతదారుణ్ణి అలా అంటారు, నోలీ. ఆ పడవవాడు సంచులకి అడిగిందీ అదే మాట. నాకు తెలుసు. కోల్‌కి తెలీదు. ఆ ముసలాయన మా తండ్రి అని చెప్తున్నారనుకున్నాడేమో. తల ఊపాడు. అవును అవును అన్నాడు పాపం, ఏడుపు గొంతుతో."

నేను స్టీరింగు వదల్లేదు.

"మొదటి దెబ్బ కుట్లున్న చెయ్యి మీద పడింది. అడ్డం పెట్టాడు. ఆవిడ నా నోటి మీంచి చెయ్యి తీసేసింది. మొహం తిప్పుకుని ఏడుస్తోంది. వాడు కాదు అని ఒక్క మాట, నోలీ. ఆ మాట నాకొచ్చు."

"మరి?"

"అనలేదు."

పానా నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు. వెనక తలుపు తీసి వాణ్ణి కాలరు పట్టుకుని మట్టిలోకి లాగాను. మొదటి దెబ్బకి మెడ కింది ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండోది దవడ మీద పడి, మిగిలిన పళ్ళలో రెండు నెత్తుటితో పాటు బయటికి వచ్చాయి. మూడోది మోచేతి మీద. అమ్మ కోసం, కోల్ కోసం, నన్ను వెర్రిదాన్ని చేసిన ఇరవై ఎనిమిదేళ్ళ కోసం కొట్టాను. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. జేబుల్లో పెట్టుకున్నాడు. పబ్బులో అన్ని శనివారాలూ వాడు ఎవరి దెబ్బ కోసం తిరిగాడో అప్పుడు తెలిసింది నాకు.

నోట్లోంచి రక్తం కారుతుండగా కాస్త లేచి, నడినెత్తి మీద దెబ్బ పడేలా తల వంచి, "ఇంకోటి వెయ్యి" అన్నాడు.

వెయ్యబోయాను. చెయ్యి పైకి లేచింది కూడా. కానీ వాడు అడిగాడు. వాడికి కావలసింది ఇవ్వబుద్ధి కాలేదు నాకు. పానాని చెరుకు తోటలోకి విసిరేశాను. రోడ్డు పక్కన కూర్చుని గొంతు పోయేదాకా ఏడ్చాను. వాడు మట్టిలోనే పడి ఉన్నాడు, గురకలాగా ఊపిరి తీస్తున్నాడు. అలా వదిలేస్తే సాయంత్రానికి చస్తాడు. ఆ పని ఒకసారి జరిగింది చాలనిపించింది.

లేపి నిలబెట్టి, ఆస్పత్రికి పద అన్నాను. వాడు కారు పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి, అలవాటుగా వెనక తలుపు పట్టుకున్నాడు. నేను ఆ తలుపు మూసి ముందు తలుపు తీశాను.

"నా వల్ల కాదు, నోలీ" అన్నాడు. దెబ్బలు తింటున్నప్పుడు లేని భయం అప్పుడు వాడి మొహంలో చూశాను.

"కూర్చో. ఇది నీ వంతు."

తలుపు అంచు పట్టుకుని మెల్లగా ఎక్కి కూర్చున్నాడు. విరిగిన ఎముకతో బెల్టు లాక్కోలేకపోయాడు. నేనే వాడి మీదుగా వంగి బెల్టు పెట్టాను. ఆస్పత్రి దాకా పక్కపక్కన కూర్చుని వెళ్ళాం.