చింతచెట్టుకి మొహం కడిగిన ఏడాది

ఇప్పుడు నా దగ్గర బోన్సాయ్ పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదటి రోజే "మేడమ్, స్టైపెండ్ ఎంతిస్తారు?" అని అడుగుతున్నారు. అడగాలి కూడా. నేను డిగ్రీ పూర్తిచేసిన ఆ రోజుల్లో ఈ మాట నా నోటిదాకా వచ్చి, అక్కడే చతికిలబడేది. గురువుగారిని జీతం అడిగితే కళ్ళు పోతాయని నాతో ఎవరూ అనలేదు గానీ, ఎందుకో నాకు నేనే అనుకునేదాన్ని. (అమ్మను మాత్రం బస్సు చార్జీలకి రోజూ నిస్సంకోచంగా పీడించేదాన్ని.)

మా గురువుగారు పోర్టులో ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపి రిటైరైన మనిషి. పోర్టు పక్కనే ఉన్న మల్కాపురంలో అందరూ ఆయన్ని క్రేన్ మాస్టారు అనేవారు. ఓడల్లోంచి టన్నులకొద్దీ సరుకు దింపిన ఆ చేతులతోనే మేడ మీద బోన్సాయ్ పెంచేవారు. ఒక పూల ప్రదర్శనలో ఆయన జానెడు చెట్లు చూసి నాకు మతిపోయింది. బియెస్సీ బోటనీ చదివానండీ, నేర్పండని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఎడమవైపుకి వంచి రాగితీగ చుట్టిన చిన్న చింతమొక్క ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు.

"ఇది నీది. ఈ మేడ మీదే ఏడాది బతికించి నాకు సూపించు, అప్పుడు కొమ్మలు కత్తిరించే కత్తెర సేతికిత్తాను. సచ్చిపోయిందనుకో, మరి రావద్దు. మా గురువూ నాకిలాగే సెప్పేడు."

ఏడాది పొడుగునా నేను చేసిన పని ఆకులు తుడవడం. మా వైపు పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగులోకి మారుతుందో మల్కాపురం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పోర్టు బొగ్గు నుంచి లేచే ఆ నల్లదుమ్మే మాస్టారి చెట్ల మీదా పడేది. నీళ్ళు చిమ్మితే పోదా అంటే పోదట, పేస్టులా అతుక్కుంటుందట. అందుకని తడిదూదితో ఒక్కొక్క ఆకూ తుడవాలి. వెడల్పాటి జువ్వి ఆకులైతే ఎలాగోలా అయిపోయేవి. చింతాకులు! మీరెప్పుడైనా చింతాకు తుడిచారా? ఆ పని పెట్టుకోకండి. ఒక రెమ్మ పూర్తయ్యేసరికి నాకు నా పేరు కూడా గుర్తుండేది కాదు.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, నల్లబడ్డ నా వేళ్ళు చూసి రోజూ అదే పాట.

"ఏటే, ఆ ముసలాయన మొక్కలకి మొకాలు కడగడానికేనా నాను నిన్ను బియెస్సీ సదివించింది? జీతం లేదు, కాయితం ముక్క లేదు. ఏడాదంటే ఏడాదే. అప్పటికి కత్తెర రాలేదనుకో, హైదరాబాద్‌లో మీ పిన్ని సూసిన కాల్ సెంటర్‌కి ఎల్లిపోవాల, అంతే!"

ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాలంటే నాకు చచ్చేంత భయం. కాబట్టి నా బతుకంతా ఆ బెత్తెడు చింతమొక్క మీదే ఆధారపడి ఉంది. అంత ప్రాణంగా చూసుకున్నాను గనకే దాన్ని చంపేశాను.

మా ఇంట్లో చేపలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి పోసేవాళ్ళం. అది మేడ దాటి ఎదిగింది. మరి నా చింతమొక్క ఏం పాపం చేసిందని, వానాకాలంలో ఒకరోజు ఆ నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి, మాస్టారు చూడకుండా పోశాను. ఆ రోజు అమ్మ కడిగినవి ఉప్పుచేపలని సాయంత్రం కంచంలో చూశాకగానీ తెలియలేదు. మర్నాడు మంచినీళ్ళు పోశాను, మట్టి మార్చాను, ప్రార్థన చేశాను. నాలుగో రోజుకి ఆకులన్నీ రాలిపోయాయి.

ఏం చెయ్యను? సింహాచలం కొండ కింద, ఒక పాత గోడ పగుల్లో మొలిచిన చింతమొక్క ఒకటి కళ్ళబడింది. సరిగ్గా అంతే ఎత్తు. పీకి తెచ్చి, పాత తీగ దానికే చుట్టి, ఎడమవైపుకి వంచి కుండీలో పాతేశాను. (అబద్ధమాడరాదని ఆదివారం చర్చిలో పిల్లలకి పాఠం చెప్పేది కూడా నేనే. ఆ వారం పాఠం మార్చి, నోవహు ఓడ కథ చెప్పాను.) మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని, దాన్ని చాలాసేపు చూశారు. నేను పక్క కుండీలో ఆకు తుడుస్తున్నట్టు నటించాను.

"బాగుందమ్మా," అన్నారు.

ఆ రోజు నుంచి ఆ చెట్టు వంక తిన్నగా చూడడానికి నాకు మొహం చెల్లలేదు. కళ్ళు మూసుకున్నంత పనిచేసి దాని ఆకులు తుడిచేదాన్ని. క్రిస్మస్‌కి వారం రోజులు సెలవు పెట్టి, తిరిగొచ్చాక కూడా అంతే. మాస్టారు ఎందుకో ఆ మూలకి రావడమే మానేశారు. నామీద అనుమానం వచ్చిందేమోనని నాకు నిద్రపట్టేది కాదు.

ఏడాది నిండిన రోజు అమ్మ కూడా బయల్దేరి వచ్చింది. మేడ మెట్లెక్కి, ఆయాసం తీర్చుకోకుండానే మొదలెట్టింది.

"మాస్టారూ, ఏటనుకోకండి. మా పిల్ల ఏడాది సాకిరీ సేసింది. మీరు సేసింది నాయమేనా? నిజం సెప్పండి."

మాస్టారి మొహం పాలిపోయింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"తెలిసిపోయిందా అమ్మా? సెప్పీసుకుంటాను. మీ అమ్మాయి సెట్టుని నానే సంపీసేను."

నాకు చెవులు గింగురుమన్నాయి.

"క్రిస్మస్‌కి పిల్ల ఎల్లిందా, ఎండలోకి జరుపుదామని ఎత్తేను, జారిపోయింది. ముప్పై ఏళ్ళు క్రేనెక్కినోడిని, ఒక్క పెట్టి జారనీలేదు! మొదలుకంటా ఇరిగిపోయింది. రైలు పట్టాల పక్కనుంచి ఇంకోటి తెచ్చి పాతీసేను. సెబితే పిల్ల మానీసి ఎల్లిపోద్దని బయమేసింది. జీతం ఇచ్చేవోడైతే ఉండమని అడగొచ్చు. ఏటీ ఇవ్వనోడిని, నాను ఏ మొకం పెట్టుకుని అడగ్గలను?"

"మాస్టారూ," అన్నాను నేను. "మీరు విరగ్గొట్టింది మీరిచ్చిన చెట్టు కాదండీ. అది నేను ఆగస్టులోనే చంపేశాను. మీరు విరగ్గొట్టింది సింహాచలందండీ."

ముందు, మెట్ల దగ్గర నిలబడి వింటున్న మాస్టారి భార్య నవ్వడం మొదలెట్టింది. తర్వాత అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మా! ఇద్దరూ కలిసి ఏడాదంతా దారిన పోయే సెట్లకి మొకాలు కడిగేరేటి!"

మాస్టారు మాత్రం నవ్వలేదు. అమ్మ వైపు తిరిగి, "నాయమో కాదో నానెప్పుడూ ఆలోసించలేదమ్మా. మా గురువు నాకివ్వలేదు, నాను దీనికివ్వలేదు. సోమారం నుంచి జీతానికే రమ్మనండి," అని లోపలికెళ్ళి, గుడ్డలో చుట్టిన కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టారు. పది నెలలుగా గుండెల మీదున్న బరువు దిగిపోయింది. బస్సులో అమ్మ భుజం మీద తలపెట్టి నిద్రపోతే, మా స్టాపు దాటిపోయాక లేపింది. ఆవిడా నిద్రపోయిందట.

ఆ ఏడాది వృథా అని నేననను. ఆకు ముట్టుకుంటే చెట్టుకి ఏం జబ్బో చెప్పగలుగుతున్నానంటే అది ఆ తడిదూది చలవే. కానీ ఏడాదంతా నాకు అన్నం పెట్టింది అమ్మ డ్యూటీలు. అలాంటి అమ్మ లేని పిల్ల ఈ విద్య నేర్చుకోకూడదా? అందుకే నా దగ్గరికొచ్చే వాళ్ళకి మొదటి నెల నుంచే జీతం. ఒక చింతమొక్క కూడా చేతికిచ్చి, చచ్చిపోతే వచ్చి చెప్పండి, ఏమీ అనను అంటాను. ఇంతవరకు ఒక్కరూ వచ్చి చెప్పలేదు. చెట్లన్నీ దివ్యంగా ఉన్నాయి.

మొన్న, నా దగ్గర నేర్చుకుంటున్న తగరపువలస పిల్ల చెట్టు చూశాను. నేను ఎడమకి వంచి ఇచ్చింది కుడికి వంగి ఉంది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది. నేను కళ్ళద్దాలు తుడుచుకుని, "బాగుందమ్మా" అన్నాను. అని, పాపం అనిపించి, కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. ఉప్పుచేపల దగ్గర నవ్వింది, క్రేన్ దగ్గర నవ్వింది, చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మేడమ్, నాను ఒకసారి కాదు, రెండుసార్లు మార్సేను," అని, అంతవరకు బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాకు బాగా తెలుసు.