ఆదివారం ఆరేసిన దుప్పట్లు

బార్ట్లీ లాహిఫ్ తన జన్మలో ఒక్క ఆదివారం కూడా చర్చి తప్పలేదని మా ఊరు బాలిన్‌రోలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు బార్ట్లీయే చెబుతాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, పెళ్ళి లేదు. యాభై ఏళ్ళు సముద్రంలో పీతలు పట్టే బుట్టలు లాగాడు, ఇప్పుడు చర్చిలో చందా పళ్ళెం తిప్పుతాడు. రానివాళ్ళను సోమవారం పేరుపెట్టి పిలిచి మరీ అడుగుతాడు.

కిందటి వేసవిలో చర్చి హాల్లో పాత పోస్టుకార్డుల ప్రదర్శన పెట్టాం. పెత్తనం నాది. రంగులద్దిన ఆ కార్డుల్లో మా సముద్రం మేమెన్నడూ ఎరగనంత నీలంగా ఉంది. జనం మూగింది మాత్రం 1968లో విమానంలోంచి ఊరంతా తీసిన పెద్ద ఫొటో దగ్గర. అది తీసెయ్యమని బార్ట్లీ పొద్దున్నే వచ్చి బతిమాలాడు. మేకులు కొట్టేశాను కదా అని నేను వినలేదు, ఎందుకని అడగనూ లేదు. పైగా పక్కనే దారం కట్టి భూతద్దం వేలాడదీశాను.

"చర్చి చుట్టూ సైకిళ్ళు చూడండే! ఆదివారమే ఇది," అంది ఒకావిడ. "మరి ఈ పెరట్లో బట్టలారేసిన పుణ్యాత్ములెవరో!"

మా ఊళ్ళో ఉతుకు సోమవారమే. పని చెయ్యకూడని దేవుడి రోజు, ఆదివారం, తీగ మీద జేబురుమాలు కనబడినా వారం రోజులు చెప్పుకుంటారు. ఫొటోలో ఉన్నవి నాలుగు దుప్పట్లు, పక్కన వంగిన ఒక మనిషి.

"అయ్యో, అది బార్ట్లీ పెరడే! ఏం బార్ట్లీ, ఆ వేళ పళ్ళెం దుప్పట్లకి పట్టావా?"

అందరూ నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ బార్ట్లీ మొహం చెవులదాకా ఎర్రబడింది. టోపీ తీసి నలిపాడు.

"అమ్మ రెండేళ్ళు మంచంలో ఉంది. పక్క తడిపేది. ఎవరికీ తెలియకూడదని ఒట్టు వేయించుకుంది. మీరంతా చర్చిలో ఉన్నప్పుడు ఉతికి ఆరేసి, చివరి పాటకి పరిగెత్తుకొచ్చి తలుపు దగ్గర నిలబడే మగాళ్ళలో కలిసిపోయేవాణ్ణి."

బార్ట్లీ గోడ అవతలింటి విన్నీ, అతనికంటే ఏడాది పెద్దది, కుర్చీలోంచి కదలకుండానే అంది:

"తెలియకపోవడమేంట్రా పిచ్చివాడా! చర్చి నుంచి వస్తుంటే మా అమ్మ దారిలో మమ్మల్ని ఆపి కబుర్లు చెప్పేది, నువ్వు ముందు ఇంటికి చేరి వాటిని లోపలేసుకునేదాకా. పాపం, మా అమ్మకి ఒకటే బాధ. తీగ మరీ కిందకి కట్టావట. దుప్పటి కొసలు మట్టిలో దొర్లేవి."

"అందుకా! ఎంత ఉతికినా అంచులు నల్లగానే ఉండేవి," అన్నాడు బార్ట్లీ. "ఒక్క ముక్క చెప్పొచ్చు కదే!"

"ఎలా చెప్తాం? మేం చూడలేదు కదా!"

నేను సిగ్గుపడి ఫొటో దింపబోయాను. బార్ట్లీ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. భూతద్దం తీసుకుని తన పెరటి మీదకి వంగి చాలాసేపు చూశాడు.

"నిజమే. కిందకే ఉంది," అన్నాడు. "ఉండనీ అమ్మాయ్."